ప్రకృతి పుట: నేల మీద నాలుగు గుడ్లు



శివరాత్రి వెళ్లిన పది రోజులకు దుత్తలూరు నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసింది. ఉత్తరంలో చాలా భాగం లెక్కల పరీక్ష గురించీ, వాళ్ల మేకపిల్ల గురించీ ఉన్నది. చివరకు వచ్చేసరికి ఇలా ఉన్నది:

"మా కంది చేను కోసేశారు. మోళ్లు మాత్రం ఉన్నాయి. నిన్న నేను మేకపిల్లను తోలుకుని చేనికి పోతే ఒక పిట్ట నా నెత్తి మీదనే తిరుగుతూ ఒకటే అరిచింది. దాని కళ్ల ముందు ఎర్రటి తోలు ఉన్నది. కింద చూస్తే గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు! గూడు లేదు, పుల్ల లేదు, ఆకు లేదు. కొంచెంలో తొక్కేదాన్ని. ఇంటికి వచ్చి మా అవ్వతో చెప్పాను. అది తీతువు పిట్ట, దాని కూత మంచిది కాదు, ఆ పక్కకు పోబాక అన్నది. వచ్చే వారం మా నాయన ట్రాక్టరుతో దుక్కి దున్నిస్తాడు. ఆ గుడ్లు తెచ్చి మా కోడి కింద పెడితే పొదుగుతుందా? తొందరగా జవాబు రాయండి."

తొందరగానే రాశాను. ఆ రోజు టపాలోనే జవాబు వేశాను. "గుడ్లు ముట్టుకోవద్దు. కోడి కింద పెట్టవద్దు. నాయనను వెంటబెట్టుకుపోయి ఆ చోటు చూపించు. మిగతా సంగతులు పత్రికలో రాస్తాను" అని అంతే రాశాను. ఆ మిగతా సంగతులే ఇవి.

వసంతం అనగానే మనకు మామిడి పూత, వేప పూత, కానుగ చెట్ల లేత ఆకులు, కోకిల పాట గుర్తుకు వస్తాయి. ఇవన్నీ తల పైకెత్తి చూసేవీ, వినేవీ. దసరానాడు మాత్రమే మనవాళ్లు వెతికే పాలపిట్ట కూడా అసలు తన విద్య చూపించేది ఈ రోజుల్లోనే. ఎత్తుకు ఎగిరి, రెక్కలు విప్పి, గిరికీలు కొడుతూ కిందికి దొర్లుతుంది. నీలం రంగంతా అప్పుడే బయటపడుతుంది. కరెంటు తీగల మీద కూర్చున్న పాలపిట్టను చూసి, "ఇంతేనా!" అనుకున్నవాళ్లు ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఒక గంటసేపు ఓపిక పట్టి చూడండి.

కాని ఈ నెల మనం తల దించుకుని చూద్దాం.

దుత్తలూరు నెల్లూరు జిల్లాకు పడమటి మెట్ట. సముద్రం వైపు పల్లపు భూముల్లో వరి చేలుంటే, ఇక్కడ ఎర్ర నేల, గులకరాళ్లు, రేగు కంపలు, బలుసు, కలివి పొదలు. పడమట ఉదయగిరి కొండలు, వెలిగొండల వరుస. వానలు తక్కువ. పంట కోసిన తరవాత చేను చూస్తే బోసిగా ఉంటుంది. "ఇక్కడ చూడటానికి ఏమున్నది?" అని బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అలా వెళ్లిపోయినవాళ్లకు ఆ బోసి చేనే ఒక పురిటి గది అని తెలియదు.

ముందు తీతువు సంగతి చెబుతాను. దీన్ని కొన్ని చోట్ల ఉత్తితి పిట్ట అంటారు. అది ఎవరో పెట్టిన పేరు కాదు, అది తన పేరు తానే చెప్పుకుంటుంది: "ఉత్తితీ... ఉత్తితీ... తీతీతీ!" తల, గొంతు, రొమ్ము నలుపు. వీపు గోధుమ రంగు. పొట్ట తెలుపు. కాళ్లు పొడుగ్గా, పసుపు పచ్చగా ఉంటాయి. ముక్కు ఎరుపు, కొస మాత్రం నలుపు. కంటి ముందు ఎర్రటి తోలు ముక్క ఒకటి అంటించినట్టు ఉంటుంది. మెట్ట నేలల్లో దీని చుట్టం ఒకటి కనిపిస్తుంది. దానికి ఆ తోలు పసుపు పచ్చగా ఉంటుంది. నీటికి కొంచెం దూరంగా, ఇంకా ఎండిన చోట్ల అది కాపురం ఉంటుంది. ఉత్తరం రాసిన అమ్మాయి "ఎర్రటి తోలు" అని గమనించి రాసింది గనక నాకు ఏ తీతువో వెంటనే తెలిసిపోయింది. చూసినది చూసినట్టు రాస్తే ఎంత పని సులువవుతుందో చూశారా?

తీతువు చెట్టెక్కదు. దాని వెనక వేలు మరీ చిన్నది, కొమ్మను పట్టుకోవడానికి పనికిరాదు. నడక, పరుగు, తిండి, నిద్ర, పిల్లలను పెంచటం అన్నీ నేల మీదనే. నేల మీద బతికే పిట్టకు శత్రువులు ఎందరు! కుక్క, నక్క, ముంగిస, పాము, పిల్లి, పైనుంచి కాకి. అందుచేత అది పగలూ రాత్రీ కాపలా కాస్తుంది. ఏది కదిలినా అరుస్తుంది. తెల్లవారుజామున పొలానికి పోయే రైతును చూసి అరుస్తుంది, అర్ధరాత్రి నక్కను చూసి అరుస్తుంది, దొంగను చూసినా అరుస్తుంది.

ఇప్పుడు అవ్వ మాట. తీతువు కూత అపశకునమని మన పల్లెల్లో చాలామంది అంటారు. రాత్రిపూట ఊరి బయట ఆ కూత వినిపిస్తే తలుపులు వేసుకునేవారు. పిట్ట కూతకూ మనకు జరగబోయేదానికీ ఏమీ సంబంధం లేదు, ఇది నిజం. అయినా అవ్వను చూసి నవ్వకండి. చీకట్లో తీతువు కూసిందంటే అక్కడేదో నడుస్తున్నదని అర్థం. అడవి పక్కన, దీపాలు లేని కాలంలో, ఆ కబురు తెలిసినవాళ్లు భయపడటంలో తప్పేమున్నది? కబురు తెచ్చినదాన్ని చెడ్డదనుకోవడం మాత్రం తప్పు. కాపలావాడు కేక వేస్తే, దొంగను వదిలేసి కాపలావాడిని తిట్టినట్టు అవుతుంది.

మరి ఆ గుడ్లు? తీతువు గూడు కట్టదు. నేలను కాళ్లతో కొంచెం గీకి, రొమ్ముతో ఒత్తి చిన్న గుంట చేస్తుంది. చుట్టూ గులకరాళ్లో, మేక పెంటికలో నాలుగు చేరుస్తుంది. అందులో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టి రంగు గుడ్లు, వాటి మీద నల్లటి మచ్చలు. సన్నని కొసలన్నీ లోపలికి, లావు కొసలు బయటికి ఉండేట్టు సర్దుకుంటుంది. అలా ఉంటే నాలుగూ దాని పొట్ట కింద సరిగ్గా ఇముడుతాయి. మీరు నాలుగు సపోటా పండ్లు కాదు, నాలుగు కోడిగుడ్లు బల్ల మీద పెట్టి చూడండి. కొసలు లోపలికి తిప్పితే ఎంత చోటు తగ్గుతుందో తెలుస్తుంది. (అమ్మను అడిగి తీసుకోండి. పగిలితే నా పేరు చెప్పవద్దు.)

గుడ్లు పొదగటానికి 28 నుంచి 30 రోజులు పడుతుంది. ఆడది, మగది వంతులు వేసుకుంటాయి. ఇక్కడ ఒక చిత్రమున్నది. పొదగటమంటే వెచ్చగా ఉంచటమని మనం అనుకుంటాం. నెల్లూరు మెట్టలో మార్చి, ఏప్రిల్ నెలల మధ్యాహ్నం గులకరాయి చేతితో పట్టుకోలేము. ఆ వేడికి గుడ్లలోని పిల్లలు చచ్చిపోవాలి. అందుకని తీతువు ఎండపూట గుడ్లను చల్లగా ఉంచటానికి కూర్చుంటుంది! రెక్కలు కొంచెం విప్పి గొడుగులా నిలబడుతుంది. అదీ చాలకపోతే దగ్గరలోని చెరువుకో, మోటారు తొట్టికో పోయి, పొట్ట ఈకలు బాగా తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మన ఇళ్లలో కుండకు తడి గుడ్డ చుడతాము చూడండి, అదే ఉపాయం. తడి ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతుంది.

అందుచేత మీరు గుడ్లను చూసి ముచ్చటపడుతూ అక్కడే నిలబడితే ఏమవుతుంది? తల్లి భయపడి దూరంగా తిరుగుతూ ఉంటుంది. నీడ లేక గుడ్లు ఉడికిపోతాయి. మీరు రాయి విసరలేదు, గుడ్డు ముట్టుకోలేదు, ఉత్తగా చూశారు. అయినా పిల్లలు చచ్చిపోవచ్చు. ఫోను పట్టుకుని దగ్గరనుంచి బొమ్మలు తీసే పెద్దవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి. పదిమంది స్నేహితులకు ఆ చోటు గుర్తులు చెప్పటం అంతకన్న పొరపాటు.

కోడి కింద ఎందుకు పెట్టకూడదో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. కోడి లెక్క 21 రోజులు, తీతువు లెక్క 28 దాటుతుంది. ఒకవేళ పొదిగినా, తీతువు పిల్లకు కోడి భాష రాదు. గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటలకే అది నడుస్తుంది, తనే పురుగులు ఏరుకుని తింటుంది. తల్లి ఒక రకంగా కూస్తే పరుగెత్తాలి, ఇంకొక రకంగా కూస్తే ఉన్నచోటనే నేలకు కరుచుకుని కదలకుండా ఉండాలి. ఈ చదువు చెప్పటం కోడికి చేతకాదు. పైగా 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల గుడ్లు తీయటం నేరం.

తీతువు గుడ్లకు మచ్చలెందుకు? కోడిగుడ్డు తెల్లగా ఉన్నదే! దీనికి మంచి సమాధానం ఉన్నది. మీరు పొలాల్లో తిరుగుతూ సరిచూసుకోవచ్చు.

ఇప్పుడే వాగు గట్ల మీద, ఇసుక దిబ్బల పక్కన పసిరిక పిట్టలు కనిపిస్తాయి. ఆకుపచ్చగా, సన్నగా, తోక చివర రెండు తీగలు పెట్టుకుని ఉంటాయి. గాలిలో ఈగలను, తేనెటీగలను పట్టి, కొమ్మకేసి కొట్టి తింటాయి. ఇవి గట్టులో బొరియ తవ్వి, దాని చివర గుడ్లు పెడతాయి. ఒక్కొక్కప్పుడు చదును నేలలోనే బొరియ తవ్వుతాయి. ఆ గుడ్లు ఎలా ఉంటాయనుకున్నారు? తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా, ఇంచుమించు గుండ్రంగా. పాత బావి గోడల్లో బొరియ చేసే లకుముకి పిట్ట గుడ్లు కూడా తెలుపే. చెట్టు తొర్రలో పెట్టే పాలపిట్ట, రామచిలుక, గుడ్లగూబ గుడ్లూ తెలుపే. చీకట్లో దాచిన గుడ్డుకు వేషం ఎందుకు? బయట, అందరి కళ్లముందు పెట్టిన గుడ్డుకే వేషం కావాలి. ప్రపంచంలోని పక్షి గుడ్ల రంగులన్నీ ముఖ్యంగా రెండే రెండు రంగు పదార్థాలతో తయారైనవి. ఒకటి ఎరుపు, గోధుమ రంగులనిచ్చే ప్రోటోపోర్ఫిరిన్. రెండవది నీలం, ఆకుపచ్చలనిచ్చే బిలివర్డిన్. ఈ రెంటినే తల్లి తన కడుపులో గుడ్డు పెంకు మీద అద్దుతుంది. కోకిల తన గుడ్డును కాకి గుడ్డు రంగులోకి తెచ్చుకోవటం కూడా వీటితోనే.

ఈ సూత్రాన్ని ఖాతరు చేయని పిట్ట ఒకటి మన పెరట్లోనే ఉన్నది. గువ్వ నాలుగు పుల్లలు పేర్చి, అందరికీ కనపడేట్టు, రెండు తెల్లని గుడ్లు పెడుతుంది! అయితే అది గుడ్లను వదిలి లేవదు. ఒకటి లేస్తే రెండోది వచ్చి కూర్చుంటుంది. గుడ్డుకు వేషం లేకపోతే తల్లీ తండ్రీ దుప్పటిలా కప్పుకుని ఉండాలన్నమాట.

మీకు పంచతంత్రంలోని టిట్టిభం కథ తెలిసే ఉంటుంది. టిట్టిభం అంటే మన తీతువే. సముద్రం ఒడ్డున గుడ్లు పెడితే సముద్రుడు వాటిని ఎత్తుకుపోతాడు. చిన్న పిట్ట ఏం చేస్తుంది? పక్షులన్నింటినీ కూడగట్టుకుని గరుత్మంతుడి దగ్గరకు, ఆయన ద్వారా విష్ణువు దగ్గరకు మొర తీసుకుపోతుంది. చివరకు సముద్రుడు గుడ్లు తిరిగి ఇస్తాడు. ఆ కథ కల్పించినవాడెవరో గాని తీతువును బాగా చూసినవాడే. అది ఎంత పెద్దదాని మీదకైనా అరుస్తూ వస్తుంది. ఎద్దుల మంద గుడ్ల మీదకు వస్తుంటే రెక్కలు విప్పి ఎదురు నిలుస్తుంది.

నిజంగా సముద్రపు ఒడ్డున, ఇసుకలో గుడ్లు పెట్టే తల్లి మన జిల్లాలోనే ఉన్నది. దుత్తలూరు నుంచి తూర్పుగా కావలికి పోయి, అక్కడినుంచి తుమ్మలపెంట పోతే సముద్రమే. నెల్లూరు తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు ఒడ్డుకు వస్తాయి. ఒక్కొక్కటి 35 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. ఒడిషాలో గహిర్‌మాతా, రుషికుల్య దగ్గర ఒక్కొక్క ఏడు లక్షల్లో వస్తాయి. మన తీరానికి ఒంటరిగా, ఒకటీ అరా వస్తాయి. వెనక కాళ్లతో ఇసుకలో కుండ ఆకారంలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, శరీరంతో అదిమి, మళ్లీ సముద్రంలోకి పోతుంది. గుడ్లు ఏ రంగు? మీరు చెప్పగలరు. తెలుపు! ఇసుక కింద చీకటి గదా. అచ్చం టేబుల్ టెన్నిస్ బంతుల్లా ఉంటాయి.

తెల్లవారుజామున తీరం వెంట నడిచేటప్పుడు నీటినుంచి పైకి, మళ్లీ నీటిలోకి ట్రాక్టరు చక్రం జాడలాంటిది కనిపిస్తే అది తాబేలు నడిచిన జాడ. ఆ జాడ మీద నడవకండి, గుంటను కెలకకండి. దగ్గరలోని అటవీశాఖవారికో, ఊళ్లో తాబేళ్ల సంరక్షణ చూసేవారికో కబురు చెప్పండి. వారు ఆ గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన ఇసుక మడిలో మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు నన్ను పట్టుకుంటారు. "తాబేలు గుడ్లు తీసి వేరేచోట పెట్టవచ్చునట, తీతువు గుడ్లు తీయకూడదట, ఇదెక్కడి న్యాయం?" అని. తాబేలు తల్లి తిరిగి రాదు. ఇసుకా, ఎండా కలిసి పొదుగుతాయి. కుక్కలూ, నక్కలూ తవ్వకుండా కంచె వేస్తే చాలు. తీతువు గుడ్లకు ఒక తల్లి, ఒక తండ్రి కాపలా ఉన్నారు. వారి కన్న బాగా మనం చూడలేము. తాబేలు గుడ్లనైనా పెట్టిన కొద్ది గంటల్లోనే, పక్కకు దొర్లించకుండా, పని నేర్చినవాళ్లే తీయాలి. లేకపోతే లోపలి పిల్ల చచ్చిపోతుంది.

ఇంకొక వింత. గుడ్డులోని పిల్ల ఆడదా, మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. సుమారు 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి. ఇసుక ఇంకా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. ఎండలు ఏటేటా ముదురుతున్న ఈ రోజుల్లో శాస్త్రజ్ఞులు దీన్ని ఎందుకు కలవరంతో చూస్తున్నారో మీరే ఊహించండి.

తాబేలు పిల్లలు రాత్రి ఇసుకలోంచి వచ్చి, వెలుతురు ఎటు ఉంటే అటు పోతాయి. చీకటి రాత్రి ఒడ్డుకన్న సముద్రమే వెలుగుగా ఉంటుంది, అందుచేత దారి తప్పవు. ఒడ్డున పెద్ద దీపాలుంటే అటు తిరిగి, తెల్లారేసరికి రోడ్డు మీద ఉంటాయి. తీరానికి రాత్రిపూట పెద్దవాళ్లతో పోతే టార్చి వేయవద్దు.

తీరం వెంట చచ్చిన తాబేళ్లు కూడా కనిపిస్తాయి. చూడటం కష్టంగా ఉంటుంది. దాచటం వల్ల లాభం లేదు గనక చెబుతున్నాను. తాబేలు నీటిలో ఉన్నా గాలి పీల్చటానికి పైకి రావాలి. మరపడవల పెద్ద వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. వలలో ఇనుప కడ్డీలతో చిన్న తలుపులాంటి ఏర్పాటు చేస్తే, చేపలు వలలో ఉండి తాబేలు బయటికి పోతుంది. ఈ ఏర్పాటు ఉన్నది, వాడకమే తక్కువ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. తాబేళ్లు మాత్రం జనవరినుంచే ఒడ్డుకు వస్తున్నాయి. వలవాళ్ల మీద కోపగించటం సులువు. ఆ తలుపు దారిలో కొన్ని చేపలు కూడా పోతాయని, ఆ నష్టం తామే భరించాలని వాళ్లు అంటారు. ఆ మాటకు పెద్దవాళ్లు జవాబు చెప్పాలి.

పులికాటు సరస్సులో చలికాలమంతా గడిపే ఫ్లెమింగో పక్షులు, ఒడ్డున గుంపులుగా పరుగులు తీసే ఉల్లంకులు ఈ రోజుల్లో ప్రయాణం కడుతుంటాయి. ఉల్లంకులలో కొన్ని సైబీరియా దాకా పోతాయి. అక్కడికి పోయి అవీ నేల మీదనే, మచ్చల గుడ్లే పెడతాయి. మళ్లీ చలికాలం ముందు మన ఒడ్డుకు వస్తాయి. వాటి సంగతి ఇంకొకసారి.

మళ్లీ మెట్టకు వద్దాం. కలివి పొదలన్నాను. ఇప్పుడు వాటికి తెల్లని పూలు వస్తాయి, మంచి వాసన. తరవాత నల్లని పండ్లు వస్తాయి, మీరు తినే ఉంటారు. ఈ పొద పేరు పెట్టుకున్న పిట్ట ఒకటి ఉన్నది: కలివికోడి. పేరులో కోడి ఉన్నా అది కోడి కాదు. కౌజు పిట్టంత ఉంటుంది, పొడుగు కాళ్లు, రొమ్ము మీద రెండు పట్టీలు. పగలు పొదల కింద దాగి, రాత్రి తిరుగుతుంది. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ అనే ఇంగ్లీషువాడు దీన్ని మొదట శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. నెల్లూరుకు పడమటి కొండల ప్రాంతం, కడప ప్రాంతం దాని చోట్లు. 1900 తరవాత అది ఎవరికీ కనిపించలేదు. లోకంలో లేదనే అనుకున్నారు. 86 ఏళ్లు గడిచాయి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల కొండల దగ్గర వెతుకుతుండగా, రాత్రిపూట టార్చి వెలుతురులో ఒక పల్లెటూరి మనిషికి అది దొరికింది! ఆ తరవాత అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రాత్రి తిరిగే పిట్ట ఎక్కడున్నదో ఎలా తెలుసుకోవటం? శాస్త్రజ్ఞులు పొదల మధ్య మెత్తని మట్టి పట్టీలుగా పరిచారు. పొద్దున వచ్చి ఆ మట్టి మీద పడిన అడుగులు చూశారు. ఇది మీరూ చేయవచ్చు. ఇంటి వెనకో, చేను గట్టునో, జల్లించిన మట్టిని ఒక చాప వెడల్పున పరచండి. సాయంకాలం చేతితో చదును చేయండి. పొద్దున్నే చూడండి. ముంగిస వచ్చిందా, పిల్లి వచ్చిందా, తొండ వచ్చిందా? మొదటి వారం అన్నీ కుక్క అడుగుల్లాగే కనిపిస్తాయి. బొమ్మ వేసుకుని, పక్కన తేదీ రాసుకుంటూ పోతే రెండో వారానికి కళ్లు తెరుచుకుంటాయి.

కలివికోడి గురించి ఇంకొక్క సంగతి. అది కూడా నేల మీద తిరిగే పిట్టే. దాని గుడ్డు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మనకు తెలుసు. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించిన గుడ్డు అది. ఇప్పుడు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్నది. అది కలివికోడిదేనని 2013లో జన్యు పరీక్షచేసి తేల్చారు. నూరేళ్ల కిందటి ఒక్క గుడ్డు! 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షులను చూసేవాళ్లు ఎన్నో ఏళ్ల తరవాత దాని కూతను మళ్లీ విని, రికార్డు చేశారు. అంటే ఆ పొదల నేలలో ఇంకా ఉన్నది. పొదలు కొట్టి చదును చేసేటప్పుడు, కంపలో ఏమీ లేదని మనం అనుకునేటప్పుడు, ఏ పొద కింద ఏమున్నదో చెప్పలేము.

ఇంతవరకూ రాసి అచ్చుకు ఇవ్వబోతుండగా దుత్తలూరు అమ్మాయి నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ఉగాది వెళ్లి వారమయింది. ఈసారి లెక్కల పరీక్ష మాటే లేదు. అది ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

"మా నాయనను చేనికి తీసుకుపోయి గుడ్లు చూపించాను. నేను వేలు పెట్టి చూపించేదాకా ఆయనకు కనపడలేదు. ట్రాక్టరు వచ్చిన రోజు నులకమంచం అంత చోటు వదిలేసి చుట్టూ దున్నారు. ట్రాక్టరు దగ్గరకు వస్తే పిట్ట పోలేదు. రెక్కలు విప్పి చక్రానికి ఎదురు నిలబడింది. డ్రైవరు బండి ఆపి నవ్వాడు. మా అవ్వ మొదట నన్ను తిట్టింది. తరవాత ఒక రోజు ఎండలో మోటారు తొట్టి దగ్గర పిట్ట పొట్ట తడుపుకోవటం తనే చూసి వచ్చి మాకు చెప్పింది. రోజూ నేను దూరంగా వేప చెట్టు కింద నిలబడి చూసేదాన్ని. పద్నాలుగో రోజు మూడు గుడ్లే ఉన్నాయి. దున్నిన మట్టిలో కుక్క అడుగులున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. మూడింటిలో ఒకటి పొదగలేదు. రెండు పిల్లలు వచ్చాయి. నిన్న పొద్దున అందరం పోయాం. పిల్లలు పొడుగు కాళ్ల మీద దూదిపింజల్లా నడుస్తున్నాయి. అంతలో తల్లి ఒక్క కూత కూసింది. రెండూ మాయమయ్యాయి. నేనూ, నాయనా, తమ్ముడూ అక్కడే నిలబడి ఎంత చూసినా కనపడలేదు. మా అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుని, 'ఒకటి నీ చెప్పు పక్కనే ఉండాది, కదలబాక' అన్నది."